కొడతాడా? పని చేయగలడా? ఒకే చీటీతో రెంటికీ జవాబు దొరకదు

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో క్రేన్ నడిపే ఒక మనిషిని ఊహించుకోండి. మూడు నెలలుగా నిద్ర లేదు, తోటివాళ్లంతా తన మీద ఏదో పన్నాగం పన్నుతున్నారని గట్టి నమ్మకం, ఒకరోజు ఆ నమ్మకంలోనే మేస్త్రీ మీదికి ఇనప రాడ్డు ఎత్తాడు. దెబ్బ పడకముందే పక్కవాళ్లు పట్టుకున్నారు. ఒంగోలు పెద్దాసుపత్రిలో చూపిస్తే సైకోసిస్ (లేనిది ఉన్నట్టు నమ్మే, వినే జబ్బు) అన్నారు, మందులిచ్చారు, రెండు నెలలకు మనిషి మామూలయ్యాడు. అసలు తంటా ఇప్పుడు మొదలవుతుంది. 'ఇతనితో ప్రమాదం లేదు, డ్యూటీకి ఫిట్' అని డాక్టరు సంతకంతో కాగితం తెమ్మంటుంది యాజమాన్యం. ఇంట్లోవాళ్లేమో గ్రామ సచివాలయానికి పోయి సదరం (వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ క్యాంపు) స్లాట్ బుక్ చేస్తారు, ఏ పనీ చేయలేడని పర్సంటేజీ పడితే పింఛనన్నా వస్తుందని. మేస్త్రీ కేసు పెట్టి ఉంటే కోర్టు ఇంకో ప్రశ్న వేస్తుంది. మనిషి ఒకడే, జబ్బూ ఒకటే, కాగితాలు మాత్రం మూడు.

ఈ మూడింటికీ మన దగ్గర ఓపీ చీటీ మీదున్న జబ్బు పేరే జవాబుగా చెల్లిపోతుంటుంది. 'స్కిజోఫ్రీనియా' అని ఉందా, అయితే కొట్టే రకం, పనికి పనికిరాడు, కోర్టులో శిక్ష పడదు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ జబ్బు పేరులోంచి రాదు. చట్టానికీ కోర్టులకూ సంబంధించిన మానసిక వైద్యం, అంటే ఫోరెన్సిక్ సైకియాట్రీ అనే శాఖ ఉన్నదే ఈ తేడా చెప్పడానికి, కానీ ఆ పేరుతో విడిగా పనిచేసే డాక్టర్లు మన జిల్లాల్లో దొరకడం కష్టం, ఉదయం వంద మంది ఓపీ చూసే మానసిక వైద్యుడే మధ్యాహ్నం కోర్టు కాగితాలూ, సదరం కాగితాలూ చూడాల్సి వస్తుంది.

ముందు 'కొడతాడా' సంగతి చూద్దాం. చాలా కాలం డాక్టర్లు దీనికి మనిషిని చూసి, అనుభవాన్ని బట్టి జవాబు చెప్పేవాళ్లు. ఆ జవాబులు ఎంతవరకు నిలుస్తాయో అమెరికాలో ఒక తీర్పు అనుకోకుండా బయటపెట్టింది. శిక్షాకాలం అయిపోయినా 'ప్రమాదకరం' అన్న ముద్రతో న్యూయార్క్ రాష్ట్రం కొందరిని నేరస్థుల మానసిక ఆసుపత్రుల్లోనే ఉంచేసేది, సరైన విచారణ లేకుండా అలా ఉంచడం కుదరదని 1966లో బాక్స్‌ట్రామ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పడంతో 967 మందిని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చాల్సి వచ్చింది. ఇక ఆ ఆసుపత్రుల్లో రోజూ తలలు పగులుతాయనుకున్నారు. నాలుగేళ్లపాటు గమనిస్తే ఎవరి మీదైనా చేయి చేసుకున్నవాళ్లు అయిదింట ఒక వంతు. మిగతా నాలుగు వంతుల మందిని అన్నేళ్లు తాళం వేసి ఉంచింది ఒక అంచనా. 1981లో జాన్ మొనాహన్ అనే అమెరికా మనస్తత్వవేత్త అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, అంతకుముందు హింస చేసి ఆసుపత్రుల్లో ఉన్న మానసిక రోగుల విషయంలో కూడా డాక్టర్ల జోస్యం మూడింటిలో ఒకటికి మించి నిజం కావడం లేదని తేల్చాడు. అయినా 1983లో బేర్‌ఫుట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి జోస్యాన్ని మరణశిక్ష విచారణలో ఒప్పుకుంది, అదీ నిందితుణ్ని ఒక్కసారి కూడా పరీక్షించని సైకియాట్రిస్టులు చెప్పిన జోస్యాన్ని. మనిషిని చూడకుండా సర్టిఫికెట్ రాసేయడం మన దగ్గరి జబ్బే అనుకునేవాళ్లు ఈ కేసు గుర్తుపెట్టుకోవచ్చు.

డాక్టర్ల తెలివిని తప్పుపట్టేకన్నా ఇందులోని లెక్క చూడటం మంచిది. నెల్లూరు జీజీహెచ్ సైకియాట్రీ ఓపీకి వచ్చే 1000 మందిలో వచ్చే ఏడాదిలోపు 50 మంది ఎవరినైనా గాయపరుస్తారనుకుందాం. లెక్క కోసం పెట్టుకున్న అంకె ఇది, ఎవరూ కొలిచింది కాదు. మన చేతిలో ఒక మంచి పరీక్ష ఉంది, కొట్టబోయేవాళ్లలో నూటికి 75 మందిని పట్టిస్తుంది, కొట్టనివాళ్లలో నూటికి 75 మందిని సరిగ్గా వదిలేస్తుంది. 50 మందిలో 38 మంది దొరికారు, బాగుంది. కానీ మిగతా 950 మందిలో పాతిక శాతం, అంటే 237 మంది, వాళ్లతో పాటే వలలో పడ్డారు. 'ప్రమాదం' అని ముద్ర పడిన 275 మందిలో నిజంగా ఏదైనా చేసేవాళ్లు ఏడుగురిలో ఒకరు! అరుదుగా జరిగేదాన్ని ముందే చెప్పాలనుకుంటే పరీక్ష ఎంత మంచిదైనా ఇదే తిప్పలు. 2012లో సీనా ఫాజెల్ అనే ఫోరెన్సిక్ సైకియాట్రిస్టు బృందం 73 సమూహాల్లో మొత్తం 24,827 మంది వివరాలు కలిపి చూస్తే, హింస ప్రమాదం ఓ మోస్తరు లేదా ఎక్కువ అని తేల్చినవాళ్లలో తర్వాత నిజంగా హింసకు దిగింది 41 శాతం, తక్కువ అని తేల్చినవాళ్లలో దిగనివాళ్లు 91 శాతం. అంటే ఈ కొలతలు 'ఇతనితో భయం లేదు' అని చెప్పేటప్పుడు చాలావరకు నిలబడతాయి, 'ఇతను కొట్టి తీరతాడు' అని చెప్పేటప్పుడు కూలబడతాయి. మనం వాడుతున్నది సరిగ్గా తిరగేసి.

అందుకే ఇప్పుడు ఈ పని చేసేవాళ్లు జోస్యం మానేసి ఇంకో దారి పట్టారు. కెనడాలో 1995లో తయారై 2013లో మూడో రూపానికి వచ్చిన హెచ్‌సీఆర్-20 అనే పద్ధతి వీటిలో బాగా వాడుకలో ఉన్నది. ఇందులో చూడాల్సిన అంశాలు 20. పది పాత సంగతులు: గతంలో చేసిన హింస, తాగుడు, మత్తు, పనిలో నిలకడ, చిన్నప్పుడు పడ్డ దెబ్బలు, ఇలాంటివి. అయిదు ఇప్పటి పరిస్థితి: తనకు జబ్బుందన్న ఎరుక ఉందా, ఎవరినైనా ఏమైనా చేయాలన్న ఆలోచన ఉందా, లక్షణాలు ఎంత బలంగా ఉన్నాయి. మిగతా అయిదు రేపటి సంగతి: ఎక్కడ ఉంటాడు, ఎవరు తోడుంటారు, మందులు ఎలా అందుతాయి, ఒత్తిడి ఎంత. మార్కులు కూడి ఒక అంకె చెప్పమని ఈ పద్ధతి అడగదు. ఏ పరిస్థితిలో, ఎవరి మీద, ఎలాంటి హింస జరిగే వీలుంది, దాన్ని ఆపడానికి ఎవరేం చేయాలి అని రాయమంటుంది. పాత సంగతులు పది ఎవరూ మార్చలేరు, మిగతా పదీ మార్చుకోగలిగినవే, డాక్టరు రిపోర్టుకు విలువంతా అక్కడే ఉంది.

తాగుడు గురించి విడిగా చెప్పుకోవాలి. అమెరికాలో మెక్‌ఆర్థర్ అధ్యయనం 1998లో తేల్చిన విషయం ఇది: ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన మానసిక రోగుల్లో మత్తు అలవాటు లేనివాళ్లు, అవే వీధుల్లో ఉండే, అదే అలవాటు లేని మామూలు జనం కంటే ఎక్కువ హింస చేయలేదు. మత్తు కలిస్తే ఇద్దరిలోనూ పెరిగింది, రోగుల్లో ఇంకాస్త ఎక్కువగా. మన ఊళ్లలో మాత్రం కొడుకు రాత్రి బెల్టుషాపు నుంచి వచ్చి అమ్మను కొడితే 'జబ్బు తిరగబెట్టింది' అంటారు, అదే పని జబ్బు లేని పక్కింటివాడు చేస్తే 'తాగొచ్చాడులే' అంటారు. డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ వారంలో మందులు వేసుకున్నాడా, మందు వేశాడా అని.

ఇంకోటి, కొట్టేది ఎవరిని? ఊరంతా భయపడుతుంది, బడి దగ్గర తిరగనివ్వొద్దంటుంది, బస్టాండులో చూస్తే పక్కకు తప్పుకుంటుంది. అదే అధ్యయనంలో దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది కుటుంబసభ్యులూ స్నేహితులూనే, దారినపోయేవాళ్లు కొద్దిమంది. ఇక్కడా ఆ మనిషికి అన్నం పెట్టే అమ్మ, మాత్ర మింగించబోయే భార్య, డబ్బులివ్వని అన్న, వీళ్లే ముందు వరసలో ఉంటారు. కానీ వాళ్లు స్టేషన్‌కి పోరు, పరువు పోతుందని పెద్దాసుపత్రిలో కూడా సగమే చెబుతారు. ప్రమాదం ఎంత అని అంచనా వేసే డాక్టరు ఆ తల్లిని కొడుకు లేకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడకపోతే, ఎంత గొప్ప పద్ధతి వాడినా ఆ రిపోర్టు ఉత్తదే.

చట్టం మాత్రం ఈ విషయంలో మనకంటే తెలివిగా ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో చేర్చాలంటే జబ్బు పేరు ఒక్కటే చాలదు. ఈమధ్య తనకు తాను హాని చేసుకోబోయాడా, ఎదుటివాళ్ల మీద హింసకు దిగాడా లేదా అంత భయం పుట్టించాడా, తన బాగోగులు తాను చూసుకోలేకపోతున్నాడా అని ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టే అయ్యుండాలి, ఆ చేరిక కూడా మొదట 30 రోజులకే. 'ఈమధ్య' అన్న మాట గమనించండి, పదేళ్ల కిందటి గొడవ చూపించి ఇవాళ చేర్చడానికి లేదు. రోడ్ల మీద తిరిగేవాళ్లను పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. గొలుసులతో కట్టడం ఇదే చట్టం కింద నిషిద్ధం. తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గరి మానసిక రోగుల ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చచ్చిపోయిన తర్వాత కూడా ఈ మాట చట్టంలో రాసి చెప్పాల్సి వచ్చింది. నమ్మకంతో దర్గాకో కొండకో తీసుకుపోవడం కుటుంబం ఇష్టం, దాన్ని ఇక్కడ ఎవరూ తప్పుపట్టడం లేదు, కానీ అక్కడున్నన్నాళ్లూ మాత్రలు ఆపేస్తే, తిరిగొచ్చాక జరిగే గొడవకు కారణం వేరే వెతకక్కర్లేదు.

కోర్టు వేసే ప్రశ్న మళ్లీ వేరు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84, చూసేది ఆ పని చేసిన క్షణాన్ని: తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అని. నెలల తర్వాత చెముడుగుంట జైలు నుంచి తీసుకొచ్చి చూపించినప్పుడు డాక్టరుకు కనబడేది ఇవాళ్టి మనిషి, ఆ రోజు మనిషి కాదు. అందుకని ఆ రోజుకు ముందూ వెనకా ఏం చేశాడన్నది ముఖ్యమవుతుంది: పారిపోయాడా, రాడ్డు దాచాడా, అక్కడే నిలబడి పొంతన లేని మాటలు మాట్లాడాడా. ఈ సంగతి నిందితుడే రుజువు చేసుకోవాలి, అయితే ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అయ్యుండవచ్చు అనేంత చాలని 1964లోనే దహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణను అర్థం చేసుకుని తన తరఫున చెప్పుకోగలడా అన్నది ఇంకో విషయం, దానికి వేరే పరీక్ష ఉంది.

ఇక పని. సదరం క్యాంపులో మానసిక జబ్బుకు పర్సంటేజీ వేసేది ఐడియాస్ అనే మన దేశపు కొలతతో. స్నానం, తిండి లాంటి సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని: ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, జబ్బు ఎన్నేళ్ల నుంచి ఉందో దానికి ఇంకొన్ని, మొత్తం 20. ఏడు మార్కులు వస్తే 40 శాతం, అదే గీత. గీత అందుకుంటే ప్రస్తుతం ఎన్టీఆర్ భరోసా అనే ఆంధ్రప్రదేశ్ పింఛను పథకం కింద నెలకు 6,000 రూపాయలు, అందుకోకపోతే ఏమీ లేదు. ఇంత డబ్బు ఒక్క మార్కు మీద వేలాడుతున్నప్పుడు ఆ గదిలో జరిగే మాటలు మామూలుగా ఉండవు. "ఏం పని చెయ్యడయ్యా, కూర్చున్నకాడే కూర్చోనుండాడు" అంటుంది తల్లి. అదే కుర్రాడు పొగాకు సీజన్‌లో ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలికి పోతుంటాడు. ఆమె అబద్ధం చెబుతోందనుకుని తోసేయడం తేలిక, కానీ ఆ కూలి ఏడాదిలో రెండు నెలలు, మిగతా పది నెలలు నిజంగానే కూర్చున్నకాడే కూర్చుంటాడు. 2025లో వికలాంగ పింఛన్ల మళ్లీ తనిఖీ మొదలైనప్పుడు మానసిక జబ్బుల వాళ్లకు వచ్చిన చిక్కు కూడా ఇలాంటిదే. కాలు లేని మనిషి ఏ రోజు చూసినా ఒకేలా కనిపిస్తాడు. బైపోలార్ (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహానికీ, కొన్నాళ్లు దిగులుకీ ఊగే జబ్బు) ఉన్న మనిషి మంచిగా ఉన్న రోజున శుభ్రంగా గెడ్డం గీసుకుని వచ్చి డాక్టరుకు నమస్తే పెడతాడు.

దీనికి పూర్తి ఎదురుగా ఇంకో రకం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో లక్షణాలు దాచేవాళ్లు. పోర్టులో ట్రైలర్ తోలే డ్రైవరు తనకు గొంతులు వినిపిస్తున్నాయని ఫిట్‌నెస్ పరీక్షలో ఎందుకు చెబుతాడు? ఒకే కుటుంబం సదరం డాక్టరు ముందు 'ఏమీ చేయలేడు' అనీ, పెళ్లి సంబంధం వాళ్ల ముందు 'ఏ జబ్బూ లేదు' అనీ, యాజమాన్యం ముందు 'పూర్తిగా తగ్గిపోయింది' అనీ చెబుతుంది, మూడూ ఒకే నెలలో. కాబట్టి ఒక్క నోటి మాట మీద ఆధారపడే మదింపు ఎటు చూసినా నిలవదు. పాత ఓపీ చీటీలు, మందుల షాపు బిల్లులు, హాజరు పట్టీ, తోటి కార్మికుల మాట, సచివాలయం వాళ్లకు తెలిసిన సంగతి, ఇవన్నీ పక్కన పెట్టుకుని చూడాలి. వైద్యం చేస్తున్న డాక్టరే ఈ సర్టిఫికెట్ కూడా రాయడం ఇంకో ఇబ్బంది. రోగి నమ్మి చెప్పుకున్న మాటల్ని యాజమాన్యానికి చేరే కాగితంలో వాడాల్సి వస్తుంది, వాడితే ఆ రోగి మళ్లీ నోరు విప్పడు. వీలైన చోట వేరే డాక్టరు చేయడం మంచిది, వీలుకాకపోతే ఈరోజు చెప్పేది ఎవరికి చేరుతుందో మొదటి నిమిషంలోనే రోగికి చెప్పాలి.

పర్సంటేజీకీ సంపాదనకీ సంబంధం ఎంత తక్కువో 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ అనే యాక్సిడెంటు కేసులో సుప్రీంకోర్టు బాగా విడమరిచింది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం అనుకుంటే, అదే మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోతుంది, ప్రభుత్వాఫీసులో గుమస్తా అయితే ఉద్యోగమే పోకపోవచ్చు. వైకల్యం ఎంతో చెప్పేది డాక్టరు, సంపాదన ఎంత పోయిందో తేల్చేది ట్రిబ్యునల్. చేతికే ఇంత తేడా ఉంటే మనసు సంగతి చెప్పేదేముంది? అదే సైకోసిస్, అవే మాత్రలు, కానీ మార్కాపురంలో పలకలు పేర్చే పనికి అడ్డురావు, క్రేన్ పైకెక్కే పనికి మొదటి నెలల్లో బాగా అడ్డొస్తాయి, ఎందుకంటే ఓలాంజపిన్ లాంటి మందు మొదట్లో మగత తెస్తుంది, హాలోపెరిడాల్ చేతులు బిగుసుకునేలా, వణికేలా చేయొచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడే మనిషి ప్రకాశం జిల్లా మే నెల ఎండలో క్వారీలో చెమటోడ్చి సరిగా నీళ్లు తాగకపోతే రక్తంలో లిథియం పెరిగి విషమయ్యే ప్రమాదం ఉంది. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా తేలిక పనిలాగే కనిపిస్తుంది, బైపోలార్ వాళ్లకు మాత్రం నిద్ర చెడటమే జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం. ఇలాంటి వివరాలేవీ 'ఫిట్', 'అన్‌ఫిట్' అనే మాటల్లో పట్టవు.

ప్రభుత్వోద్యోగికి చట్టం కొంత కాపు కాస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20 ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పోస్టుకు కుదరకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అలాంటిది లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. 2021 డిసెంబరులో రవీందర్ కుమార్ ధారివాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. సీఆర్పీఎఫ్‌లో ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు తిరిగి తిరిగి వచ్చే జబ్బు), డిప్రెషన్ ఉన్న అధికారి మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెడితే, ఆ ప్రవర్తనకు మానసిక వైకల్యం ఒక కారణమైనా చాలు, చర్య తీసుకోవడం వివక్ష కిందికి వస్తుందంది, మానసిక జబ్బున్నవాళ్లంటే ప్రమాదకరం అనే మూసను కూడా ఆ తీర్పు తప్పుపట్టింది. కానీ క్వారీలో, చెరువు దగ్గర, లారీ మీద పనిచేసేవాడికి సెక్షన్ 20 వర్తించదు. వాడి సంగతి మేస్త్రీ దయ.

ఇక్కడే రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. హెచ్‌సీఆర్-20లో పనిలో నిలకడ లేకపోవడం ఒక అంశమని పైన చెప్పుకున్నాం. రేపటి సంగతుల్లో ఒత్తిడి, ఇంటి పరిస్థితి కూడా ఉన్నాయి. 'ఎందుకొచ్చిన గొడవ' అని యాజమాన్యం మనిషిని తీసేస్తే ఏమవుతుంది? జీతం ఆగుతుంది, ఒంగోలు దాకా పోయి మందులు తెచ్చుకోవడం బరువవుతుంది, పగలంతా ఇంట్లో, అమ్మతో గొడవ, సాయంత్రం బెల్టుషాపు. ప్రమాదం తగ్గించాలని చేసిన పనే ప్రమాదాన్ని పెంచే అంశాల్ని వరసగా పోగుచేసి ఇంటికి పంపిస్తుంది, దెబ్బలు తినేది మాత్రం క్వారీ కాదు. తిరగేసి చూసినా ఇంతే, ఆరోగ్యం కుదురుకున్న కుర్రాడికి పింఛను కోసం 'ఏ పనీ చేయలేడు' అని రాయించి, ఆ పింఛను పోతుందన్న భయంతో ఏళ్ల తరబడి పనికి పంపకుండా ఉంచే కుటుంబాలున్నాయి. ఆరు వేలు చిన్న మొత్తం కాదు, వాళ్లను తప్పుపట్టలేం. కొంచెం పని, కొంచెం పింఛను అనే మధ్యదారి పెట్టని పద్ధతినే తప్పుపట్టాలి.

అలాంటప్పుడు క్రేన్ ఆపరేటరుకు డాక్టరు ఏం రాయాలి? 'ప్రమాదం లేదు' అని మాత్రం రాయకూడదు, ఎవరి గురించీ ఎవరూ అలా రాయలేరు. రాయగలిగింది ఇది: పరీక్షించిన తేదీ నాటికి ఎవరినైనా గాయపరచాలన్న ఆలోచన లేదు, మందులు క్రమంగా వాడుతున్నాడు, గతంలో జరిగిన ఒక్క ఘటనా వైద్యం అందని కాలంలో జరిగింది. మూడు నెలలు క్రేన్, బ్లాస్టింగ్ వద్దు, నేల మీద పగటి పని చేయవచ్చు. రాత్రి షిఫ్టు వద్దు. నెలకోసారి ఆసుపత్రికి రావడానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోయినా, మాత్రలు మానేసినా, తాగడం మొదలుపెట్టినా ఇంట్లోవాళ్లు ఫలానా వార్డుకు ఫోను చేయాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి క్రేన్ సంగతి తేల్చాలి. జబ్బు పేరు ఈ కాగితంలో అక్కర్లేదు, రోగి వివరాలు బయటపెట్టకూడదన్నది 2017 చట్టంలోనే ఉంది, ఎవరికైనా హాని జరిగేలా ఉంటే దాన్ని ఆపడానికి సరిపడా మాత్రమే చెప్పే వెసులుబాటు ఉంది. యాజమాన్యానికి కావాల్సింది ఏ పని ఇవ్వాలి, ఎప్పటిదాకా, ఏం గమనించాలి అన్నది, అవి మూడూ కాగితంలో ఉన్నాయి. అయినా 'ఫిట్ అని ఒక్క ముక్క రాసివ్వండి సార్' అని సూపర్‌వైజరు ఆ రోగి చేతికే కాగితమిచ్చి వెనక్కి పంపిస్తే, డాక్టరు ఆ మూడు నెలల తేదీ కింద గీత గీసి మళ్లీ అదే కాగితం ఇచ్చి పంపాలి.